పదో తరగతి పిల్లల ముందు మాట్లాడమన్నారు, ఏం చెప్పాలి? (2001 బ్యాచ్, డి గ్రూపు)

లేత్_మాస్టారు
మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో 2001లో పది పాసయ్యా. పాసంటే 600కి 227. హిందీలో 22. ఆ సబ్జెక్టుకి పాసు మార్కు 20 కాబట్టి గట్టెక్కా, అదీ 35 అయ్యుంటే ఈ పోస్టు రాసేవాణ్ణే కాదు. తర్వాత ఐటీఐలో టర్నర్ ట్రేడు. ఇప్పుడు హైదరాబాద్ బాలానగర్‌లో షెడ్డు అద్దెకి తీసుకుని రెండు సీఎన్‌సీలు (కంప్యూటరుతో నడిచే మిషన్లు), రెండు పాత లేతు మిషన్లు పెట్టుకుని జాబ్‌వర్క్ చేస్తున్నా. ఏడుగురు కుర్రాళ్ళున్నారు.

మొన్న మా బడి హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. "మన పూర్వ విద్యార్థి, పారిశ్రామికవేత్త అని పరిచయం చేస్తాం, వచ్చే శనివారం వచ్చి పదో తరగతి పిల్లలకి కెరీర్ మీద అరగంట మాట్లాడండి" అన్నారు. పారిశ్రామికవేత్తంట! ప్రతి నెలా జీఎస్‌టీ కట్టే తేదీ దగ్గరపడితే పార్టీల చుట్టూ బాకీల కోసం తిరిగే మనిషిని.

కష్టపడి చదవండి అని చెబితే అబద్ధం, నేను చదవలా. చదవకపోయినా పర్లేదంటే హెడ్మాస్టరు గారు నన్ను గేటు దాకా కూడా సాగనంపరు. మార్కులకీ బతుక్కీ సంబంధం లేదనేది నా నమ్మకం. అదే చెప్దామనుకుంటున్నా. మీరైతే ఏం చెప్తారు?

అడ్డప్రశ్న
సంబంధం లేదని తేల్చే ముందు మీ క్లాసులో ఎంతమందిని అడిగారు?

సీఈసీ_సుబ్బి
వచ్చేశాడు. ఈయన ఏ చర్చలోనైనా రెండో పోస్టే. 😄

లేత్ గారూ, వెళ్ళండి. పిల్లలకి కావలసింది స్పీచ్ కాదు. ఎంపీసీ, బైపీసీ కాకుండా ఇంకేమున్నాయో ఒక్కరైనా చెప్పాలి. నేను సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) తీసుకుంటే మా బాబాయి చావు కబురు విన్నట్టు మొహం పెట్టాడు. సీఈసీ అంటే "చదవకుండా ఈజీగా కాలక్షేపం" అని మా వీధిలో పేరు. ఇవాళ ఆ బాబాయి పొలం అప్పు లెక్కలన్నీ నేను పనిచేసే సహకార సంఘంలోనే ఉన్నాయి, వడ్డీ ఎంతైందో నన్నే అడుగుతాడు.

పాలమూరు_పోరడు
అన్నా, సంబంధం లేదని మాత్రం చెప్పకు. నాకున్నది సంబంధం. 2008ల పది పాసైన. ఆ ఏడాదే బాసరల ట్రిపుల్ ఐటీ తెరిచిండ్రు. నూజివీడు, ఇడుపులపాయ, బాసర, మూడూ ఒక్కసారే. ఎంట్రెన్స్ లేదు, కోచింగు లేదు, పది మార్కులు చూసి సీటిచ్చిండ్రు. ఆరేండ్ల చదువు. మా నాయినకు ట్రిపుల్ ఐటీ అంటే ఏందో తెల్వదు, సరస్వతమ్మ గుడి ఉన్న ఊరని పంపిండు. అక్కడ పోంగనే చేతిల ల్యాప్‌టాప్ పెట్టిండ్రు. అప్పటిదాంక నేను కంప్యూటర్‌ను మండల ఆఫీసు కిటికీలకెళ్ళి చూసుడే.

నా పక్కూరి దోస్తుకు నాకన్న పదకొండు మార్కులు తక్కువ. వానికి సీటు రాలే. ఇప్పుడు వాడు బొంబాయిల మేస్త్రీ పని చేస్తుండు. మంచిగనే ఉన్నడు, గని ఆ పదకొండు మార్కులు నాకు ఇప్పటికీ యాదికొస్తయి.

స్తంభం_ఎక్కినోడు
పదకొండు మార్కులంటే ఒక మ్యాథ్స్ గ్రాఫు, ఒక నిర్మాణం, రెండు బిట్లు. అంతే కదా.

లేత్_మాస్టారు
@స్తంభం_ఎక్కినోడు అబ్బ, గ్రాఫు గుర్తు చేశావు. మమ్మల్ని సంక్రాంతి సెలవులయ్యాక ఎ, బి, సి, డి అని గ్రూపులు చేశారు. నేను డి. ఎ గ్రూపు తరగతి గదిలో, మేము వేపచెట్టు కింద. మాకు పుస్తకం మొత్తం చెప్పేవాళ్ళు కాదు. లీనియర్ ప్రోగ్రామింగ్ గ్రాఫు ఒకటి, త్రిభుజ నిర్మాణం ఒకటి, బిట్లు బట్టీ. "మీకివి చాల్రా, ముప్పై అయిదు దాటుతారు" అనేవారు లెక్కల సారు.

అడ్డప్రశ్న
చాలాయి కదా మరి. దాటారుగా.

లెక్కల_పంతులు_రిటైర్డ్
చదివి ఊరుకుందామనుకున్నాను కానీ వేపచెట్టు అన్నాక ఊరుకోలేకపోయాను. మీ సారుని కాను, వేరే జిల్లా. కానీ ఆ గ్రూపులు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, పద్దెనిమిదేళ్ళు చేశాను.

ఎందుకు చేశామో చెబుతాను. అప్పట్లో పదకొండు పేపర్లు. లెక్కలు రెండు పేపర్లు, ఒక్కోటీ యాభై మార్కులు. అందులో బిట్ పేపరే పదిహేను, ఒక్కో బిట్టు అర మార్కు. గ్రాఫు అయిదు, నిర్మాణం అయిదు. పై అధికారుల సమీక్షలో మమ్మల్ని అడిగేది ఒకటే, "మీ బడి శాతం ఎంత?" పిల్లవాడికి భిన్నాలు వచ్చా అని ఎవరూ అడగలేదు. ఆరో తరగతిలో రావలసిన భిన్నాలు పదికి వచ్చినా రాని పిల్లలు మా ముందు కూర్చుంటే, చేతిలో అరవై రోజులుంటే, ఏం చేస్తాం? పాసు చేయించాం. వాళ్ళలో చాలామందికి ఆ పాసు వల్ల ఏదో ఒక దారి దొరికింది. కాదనను. కానీ గ్రాఫు గీసిన చేతికి అది దేని గ్రాఫో మేం చెప్పలేదు. అది మా లెక్కలో తప్పే.

లేత్_మాస్టారు
సారూ, మీరు ఇలా అంటే నేనొకటి చెప్పాలి. 2003లో ఐటీఐ అయ్యి బాలానగర్లో ఒక షాపులో చేరా. జీతం 1,800. మొదటివారం ఓనరు ఒక షాఫ్టు ఇచ్చి ఇరవై అయిదు మిల్లీమీటర్లకి తియ్యమన్నాడు, రెండు పాయింట్లు అటూ ఇటూ అన్నాడు. పాయింటంటే మా భాషలో మిల్లీమీటర్లో నూరో వంతు, మైక్రోమీటర్ మీద సన్న గీత. నేను పదో వంతు అనుకున్నా. 24.8 తీసి ఇచ్చా, కరెక్టే కదా అని. ఆయన మైక్రోమీటర్ పెట్టి చూసి, నా వంక చూసి, ఒక్క మాట అనకుండా ఆ షాఫ్టుని స్క్రాపు డబ్బాలో వేశాడు. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

ఆ రాత్రి రూములో పడుకుని పాయింట్ తర్వాత సున్నా ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి అని వేళ్ళ మీద లెక్కేసుకున్నా. పది పాసై రెండేళ్ళయ్యాక దశాంశాలు నేర్చుకున్నానన్నమాట. ఇప్పుడు మా షెడ్డుకొచ్చే డిప్లొమా కుర్రాళ్ళకి నేనే చెప్తా.

సీఈసీ_సుబ్బి
ఇదే చెప్పండి పిల్లలకి. ఇంకేం అక్కర్లేదు.

అడ్డప్రశ్న
చెబితే పిల్లలకి అర్థమయ్యేది ఏమిటి? "పదిలో రాకపోయినా తర్వాత నేర్చుకోవచ్చు." ఎంతమంది నేర్చుకున్నారు? లేత్ గారు నిలబడ్డారు కాబట్టి పిలుపొచ్చింది. వేపచెట్టు కింద మిగతావాళ్ళని పిలవలేదుగా. నా ప్రశ్న మళ్ళీ అదే. మీ క్లాసులో ఎంతమంది, ఎవరేమయ్యారు?

లేత్_మాస్టారు
ఆదివారం ఫోన్లు చేసి చెప్తా.

గుమాస్తా_1975
మీరంతా మార్కులంటున్నారు. పది మెమోలో మార్కుల కంటే మొండిది ఇంకొకటుంది, పుట్టిన తేదీ. నా విషయమే చూడండి. నేను 1962 ఫిబ్రవరిలో పుట్టాను, శివరాత్రికి ముందు అని మా అమ్మ చెప్పేది. మూడేళ్ళప్పుడు మా అక్క వెంట బడికెళ్ళి కూర్చుంటుంటే, ఎటూ వస్తున్నాడుగా అని పంతులుగారు అయిదేళ్ళు నిండినట్టు 1-7-1960 అని వేసేశారు. మా ఊళ్ళో ఆ ఏడాది చేరినవాళ్ళందరమూ జూలై ఒకటినే పుట్టాం.

1975లో పది పాసయ్యాను, తర్వాత గుమాస్తాగా చేరాను. నేను దిగేనాటికి రిటైర్మెంటు వయసు అరవై. ఒకటో తేదీన పుట్టినవాళ్ళు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలనేది రూలు. అంటే 2020 జూన్ 30. కరోనా రోజులు, దండ వేసేవాడు కూడా మాస్కు పెట్టుకుని దూరం నుంచి విసిరినట్టు వేశాడు. 2022 జనవరి నుంచి ఆంధ్రాలో వయసు అరవై రెండు చేశారు. అసలు తేదీ ఉండుంటే 2024 ఫిబ్రవరి దాకా కుర్చీలో ఉండేవాణ్ణి. మూడు సంవత్సరాల ఎనిమిది నెలల జీతం, పంతులుగారి కలంపోటు.

పాలమూరు_పోరడు
తాతా, అందరి బర్త్‌డే ఒక్కటే అయితే కేకు ఖర్చు కలిసొచ్చిందనుకో. 😂

గుమాస్తా_1975
అప్పట్లో కేకెక్కడిది నాయనా. బెల్లం ముక్క.

రాయదుర్గం_రాళ్ళు
మా యబ్బకు అట్లే వయసు తక్కువేసినారు, మూడేండ్లు ఎక్కువ నౌకరి చేసినాడు. మీ పంతులు, మా పంతులు మార్చుకోనుంటే సరిపోయేది పెద్దాయనా.

పిల్లోళ్ళకు మెమోలో పేరు, తేదీ, నాయన పేరు స్పెల్లింగు చూసుకోమని చెప్పు లేతన్నా. నా పేరు మెమోలో ఒక రకం, ఆధార్‌లో ఒక రకం. పాస్‌పోర్టుకు పోతే రెండు నెలలు తిరిగినా. పరీక్షకు ముందు నామినల్ రోల్స్ (పరీక్ష రాసేటోళ్ళ వివరాల జాబితా) వేసేటప్పుడు సారు పిలిచి చూపిస్తాడు చూడు, అప్పుడు అందరూ నవ్వుకుంటా సంతకం పెట్టి పారిపోతారు. యాడికి పోతారు, బతుకంతా ఆ కాగితమే అడుగుతారు.

లేత్_మాస్టారు
ఇది రాసుకున్నా. నోట్సులో మొదటి పాయింటు ఇదే.

పోస్టమ్మాయి
మార్కులకి విలువ లేదనే వాళ్ళు ఒకసారి మా ఇంటి వసారాకి రండి. అదే మా ఊరి పోస్టాఫీసు. గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, పదో తరగతి మార్కులు ఒక్కటే చూస్తారు. నేను బీటెక్ చేసి మూడేళ్ళు ఖాళీగా ఉన్నా. బీటెక్ మెమోలు బీరువాలో ఉండగా పది మెమో ఉద్యోగం తెచ్చింది. బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కి మొదలు 12,000, దాని మీద డీఏ. ఆఫీసుకి చోటు మనమే చూపించాలి, అందుకే వసారా.

నవ్వుకోండి గానీ నాకు నచ్చింది. పొద్దున్నే ముసలమ్మలు డబ్బులు తీసుకోవడానికొస్తారు. వేలిముద్ర పడదు, పొలం పనితో గీతలు అరిగిపోయుంటాయి. ఒకావిడ బొటనవేలు కొంగుతో తుడుచుకుని, నోటి ఆవిరి పట్టి, మళ్ళీ తుడిచి, "ఇప్పుడు పెట్టనా బంగారం" అంటుంది. నాలుగోసారికి పడుతుంది. ఆ నాలుగోసారి దాకా ఓపిక పట్టడం ఏ సిలబస్‌లోనూ లేదు.

అడ్డప్రశ్న
బీటెక్ చదివి 12,000. మీరు చెప్పింది మార్కుల విలువ గురించా, బీటెక్ విలువ గురించా?

పోస్టమ్మాయి
రెండూ. మీకు నచ్చింది తీసుకోండి.

స్తంభం_ఎక్కినోడు
నాదీ వేసుకోండి. పది, ఐటీఐ ఎలక్ట్రీషియన్, తొమ్మిదేళ్ళు మోటార్లు చుట్టా. 2019లో ఆంధ్రాలో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు లక్షకి పైగా పడ్డాయి కదా, అందులో మాది జూనియర్ లైన్‌మన్ గ్రేడ్ టూ, పేరు ఎనర్జీ అసిస్టెంట్. సైకిలు తొక్కమన్నారు, మీటరు రీడింగు చూడమన్నారు, స్తంభం ఎక్కమన్నారు. మా బ్యాచ్‌లో 560 మార్కుల పిల్లోడు సగం ఎక్కి కళ్ళు మూసుకున్నాడు. నేను చిన్నప్పుడు తాటిచెట్టు ఎక్కినందుకు బళ్ళో గోడకుర్చీ వేయించారు, ఆ విద్యే అక్కరకొచ్చింది. ప్రొబేషన్ రెండేళ్ళూ నెలకి 15,000.

సీఈసీ_సుబ్బి
గోడకుర్చీ కూడా స్తంభానికి ప్రాక్టీసే, తొడలు గట్టిపడతాయి.

డీఎస్సీ_తొంభైఎనిమిది
నా కథ చెబితే పిల్లలు భయపడతారు, అందుకే ఇక్కడే చెబుతున్నా. పదిలో 441. ఆ రోజుల్లో మా మండలంలో అది పెద్ద మార్కు. ఇంటరు, డిగ్రీ, బీఈడీ. 1998 డీఎస్సీ రాశాను, క్వాలిఫై అయ్యాను. తర్వాత కోర్టులు, ధర్నాలు, మళ్ళీ కోర్టులు. మధ్యలో ప్రైవేటు బడిలో పాఠాలు, సాయంత్రం ట్యూషన్లు, వేసవిలో మామిడికాయల కమీషను. నా దగ్గర చదువుకున్న పిల్లలు నా కంటే ముందు గవర్నమెంటు టీచర్లయ్యారు. వాళ్ళు వచ్చి కాళ్ళకి దణ్ణం పెడితే ఏ మొహంతో ఆశీర్వదించాలో తెలిసేది కాదు.

2023లో పోస్టింగు ఇచ్చారు, మినిమం టైం స్కేలు మీద, అంటే స్కేలులో మొదటి మెట్టు జీతం. పరీక్ష రాసిన పాతికేళ్ళకి. మొదటిరోజు రెండో తరగతిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఒక బుడ్డోడు లేచి "తాతయ్య సారొచ్చారు" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

పాలమూరు_పోరడు
తాతయ్య సార్... ఏం రాయాల్నో సమజైతలేదు.

లెక్కల_పంతులు_రిటైర్డ్
నా సర్వీసు ముప్పై నాలుగేళ్ళు. మీ లాంటివారు బయట ఉండగా మా బళ్ళలో ఒక్కో టీచరు మూడు తరగతులు చూసేవాడు. ఇంతకంటే చెప్పలేను.

లేత్_మాస్టారు
ఫోన్లు అయిపోయాయి. ఆదివారం మొత్తం పోయింది, చెవి వేడెక్కింది. @అడ్డప్రశ్న, ఇదిగో లెక్క. 2001లో మా సెక్షన్లో 43 మందిమి.

మగపిల్లలం 28. సాఫ్ట్‌వేర్ 4, అందులో ఇద్దరు బయటిదేశం. గవర్నమెంటు 3: ఒక కానిస్టేబులు, ఒక టీచరు, ఒక ఆర్టీసీ కండక్టరు. (కండక్టరు వాడు 2020 జనవరిలో ఆర్టీసీ వాళ్ళని ప్రభుత్వంలో కలిపినప్పుడు గ్రూపంతా స్వీట్ల ఫోటోలు పెట్టాడు.) చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో 6. పొగాకు, మిరప వేసుకునేవాళ్ళు 7. డ్రైవర్లు, చిన్న కొట్లు 5. నేను ఒకణ్ణి. ఇద్దరు లేరు, ఒకడు క్వారీలో, ఒకడు అప్పులకి.

మార్కులు గుర్తున్నంతవరకు పక్కన రాసుకున్నా. సాఫ్ట్‌వేర్ నలుగురూ ఎ గ్రూపే. క్వారీలో ఆరుగురిలో అయిదుగురు మా వేపచెట్టు వాళ్ళు. చెట్టు కింద నుంచి సొంత షెడ్డు దాకా వచ్చింది నేనొక్కణ్ణే. కాబట్టి సంబంధం లేదనే మాట వెనక్కి తీసుకుంటున్నా. సంబంధం ఉంది.

సీఈసీ_సుబ్బి
28 అయ్యాయి. మిగతా 15?

లేత్_మాస్టారు
ఆడపిల్లలు. వాళ్ళ నంబర్లు మా దగ్గర లేవు. మా వాట్సాప్ గ్రూపులో ఉండేది 19 మందిమి, అందరం మగాళ్ళమే.

సీఈసీ_సుబ్బి
పదిహేనుమంది గురించి ఒక్క ముక్క తెలియదా?

లేత్_మాస్టారు
పెళ్ళిళ్ళయ్యాయని తెలుసు. మా క్లాసు ఫస్టు ఒక అమ్మాయిదే, 520 పైన. ఏమైందని ముగ్గురిని అడిగా. "మాచర్ల వైపు ఇచ్చారు" అన్నాడొకడు. అంతే.

అడ్డప్రశ్న
నేనూ ఆ పదిహేను అడగలేదు. సుబ్బి గారు అడిగారు. ఒప్పుకుంటున్నా.

చిట్టి_బళ్ళో_టీచర్
ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మాచర్ల అమ్మాయిని నేను కాదు గానీ ఆవిడ కథ నాకు తెలిసినట్టే ఉంది.

1996లో పది. నాకు 412. రెండేళ్ళ తర్వాత మా తమ్ముడికి 298. జూనియర్ కాలేజీ మా ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు. పొద్దున పోవడానికి ఏడున్నరకి బస్సు. సాయంత్రం కాలేజీ వదిలేది నాలుగుంపావుకి, మా ఊరి బస్సు నాలుగింటికే వెళ్ళిపోయేది. తర్వాతది రాత్రి ఏడింటికి. మూడుగంటలు బస్టాండులో ఆడపిల్ల ఒక్కతే ఎట్టా ఉంటుంది అన్నాడు మా నాన్న. చెడ్డవాడేం కాదు, నా పది మెమోని దేవుడి పటం వెనక దాచినవాడే. మా తమ్ముడు అదే బస్టాండులో అదే మూడు గంటలు రెండేళ్ళు కూర్చున్నాడు. డిగ్రీ కూడా చేశాడు.

నాకు పదిహేడేళ్ళకి పెళ్ళి. 2004లో అత్తగారి ఊళ్ళో అంగన్‌వాడీ పోస్టు పడింది. అదే ఊరి కోడలై ఉండాలి, పది పాసై ఉండాలి. పటం వెనక మెమో తెమ్మని కబురు పెడితే మా నాన్నే పట్టుకొచ్చాడు. అంచులు చెదపురుగు తినేసింది, మార్కులు మాత్రం మిగిలాయి. ఇరవై ఏళ్ళు దాటింది, ఈ ఊరి పిల్లలందరికీ మొదటి అ నేనే రాయించా. నా జీవితం పాడైందని అనను. కానీ ఆ బస్సు నాలుగుంపావుకి బయలుదేరి ఉంటే అని అనుకోని రోజు లేదు. పదిహేను నిమిషాలు.

పోస్టమ్మాయి
అక్కా 🙏

పాలమూరు_పోరడు
అక్కా, నాది పదకొండు మార్కులు, నీది పదిహేను నిమిషాలు.

గుమాస్తా_1975
ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదమ్మా. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఇక్కడ 2025 ఆగస్టు పదిహేను నుంచి.

చిట్టి_బళ్ళో_టీచర్
టికెట్టు ఉచితమే బాబాయి గారూ. మా నాన్న ఆనాడు టికెట్టు డబ్బులకి ఆపలేదు.

రాయదుర్గం_రాళ్ళు
దెబ్బ.

లేత్_మాస్టారు
శనివారం అయిపోయింది. ఇప్పుడే ఒంగోలులో బస్సెక్కా, దార్లో రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోమాకండి.

వేపచెట్టు లేదు. అక్కడ మరుగుదొడ్లు కట్టారు, మంచిదే. పిల్లలు 38 మంది, ఆడపిల్లలే ఎక్కువ. శాలువా కప్పారు, నాకు నవ్వొచ్చింది. నోట్సు తీయలేదు. జేబులోంచి రెండు షాఫ్టు ముక్కలు తీసి ముందు బెంచీకిచ్చా, ఒకటి 25, ఒకటి 24.8. తేడా చెప్పమన్నా. చేత్తో పట్టుకుని ఎవరూ చెప్పలేకపోయారు. మైక్రోమీటర్ ఇచ్చి బిగించడం చూపించా. టిక్ టిక్ మని రాచెట్ చప్పుడుకి వెనక బెంచీ వాళ్ళు కూడా లేచొచ్చారు. మూడో అమ్మాయి చదివేసింది, "ఇరవై నాలుగు పాయింట్ ఎనిమిది సున్నా" అని. ఆ సున్నా కూడా చెప్పింది చూశారా, అక్కడ నాకు గొంతు పట్టుకుంది. మా కాలంలో ఆ ముక్క నాకు ఎవరైనా చేతిలో పెట్టుంటే ఎట్టా ఉండేదో.

మెమోలో పేర్లు, తేదీలు చూసుకోమన్నా. (రాయదుర్గం అన్నా, నామినల్ రోల్స్ గురించి చెప్పగానే ఇద్దరు సారు దగ్గరికి పరిగెత్తారు, ఒకడికి నిజంగానే తండ్రి పేరు తప్పుంది.) ట్రిపుల్ ఐటీకి ఇప్పటికీ పది మార్కులే చూస్తారని, పోస్టు ఉద్యోగం, ఐటీఐ, పాలిటెక్నిక్, సీఈసీ గురించి తెలిసినంత చెప్పా. సుబ్బి గారి బాబాయి జోకు పేలింది.

చివర్లో ప్రశ్నలున్నాయా అన్నా. మగపిల్లలు "మీ కారేంటి సార్" అని అడిగారు. కారు లేదు, బండి ఉందంటే సగం మందికి ఆసక్తి పోయింది. పాయింట్ ఎనిమిది సున్నా అమ్మాయి లేచింది. కెరీర్ గురించి అడుగుతుందనుకున్నా.

"సార్, మీరు దర్శి నుంచి వచ్చారా? సాయంత్రం దర్శి నుంచి మన ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో తెలుసా?" అంది.

నాకు తెలీదు. నేను అద్దె ఆటోలో వచ్చా.

చిట్టి_బళ్ళో_టీచర్
తర్వాత?

లేత్_మాస్టారు
మా కండక్టరు ఫ్రెండుకి అక్కడినుంచే ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టా. మూడూ నలభైకి ఒకటి, మళ్ళీ ఏడూ పదికి. కాలేజీ నాలుగింటికి వదులుతుందంట. వాడు "టైమింగులు డిపో మేనేజరు చేతిలో ఉంటాయిరా, ఊరివాళ్ళు కాగితం పెడితే కదులుతుంది" అన్నాడు. హెడ్మాస్టరు గారు బల్ల మీదే అర్జీ రాయించారు, మా సెక్షన్ వాళ్ళని ఊళ్ళో ఉన్నవాళ్ళందరినీ పిలిచి సంతకాలు పెట్టించా. తొమ్మిదిమంది వచ్చారు. ఆ అమ్మాయి సంతకం కూడా ఉంది, ఇంటిపేరుతో సహా స్పెల్లింగు రెండుసార్లు చూసుకుని మరీ పెట్టింది.

అడ్డప్రశ్న
అర్జీ ఒకటి డిపోకి, ఒకటి సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి ఇవ్వండి. రసీదు నంబరు తీసుకోండి. నంబరు లేకపోతే ఇచ్చినట్టు కాదు.

సీఈసీ_సుబ్బి
ఈయన ప్రశ్న కాకుండా జవాబు రాయడం ఇదే మొదలు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

లేత్_మాస్టారు
సోమవారం ఒంగోలులో ఉండటానికి షెడ్డు ఒకరోజు మూయాలి. మూస్తా. ఇంకోటి, మాచర్ల అమ్మాయి నంబరు దొరికింది. మా టీచరు ఫ్రెండు భార్యకి తెలుసంట. నేను చేస్తే బాగోదు, ఆవిణ్ణి చేయమన్నా. పదిహేనులో ఒకటి.

చిట్టి_బళ్ళో_టీచర్
బస్సు టైము మారితే ఇక్కడ రాయండి. కాకపోయినా రాయండి.